సరస్సు ఒడ్డున గుడారం, సర్కారు పద్దు

(పరిచయం: ప్రభుత్వానికి ఏ మార్గంలో ఎంత సొమ్ము వస్తుందో, దేనికి ఎంత ఖర్చవుతుందో ముందుగా అంచనా వేసి చూపే పట్టికను బడ్జెట్ అంటారు. కోట్ల అంకెలతో నిండిన ఆ పట్టిక సామాన్యులకు దూరంగా ఉన్నట్లు కనిపిస్తుంది. నిజానికి ఒక కుళాయిలో నీళ్ళు రావడం, ఒక మరుగుదొడ్డి శుభ్రంగా ఉండడం కూడా దాని మీదనే ఆధారపడి ఉంటాయి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సరస్సుల ఒడ్డున ఉన్న ప్రజా విడిది స్థలాల కథ ద్వారా ఈ పాఠం ఆ సంబంధాన్ని వివరిస్తుంది.)

సరస్సుల రాష్ట్రం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దును ఆనుకొని ఉన్న రాష్ట్రం మిన్నెసోటా. డకోటా అనే ఆదివాసుల భాషలోని మాట నుంచి ఈ పేరు వచ్చింది. ఆ పేరులోనే నీరు ఉంది. ఆ రాష్ట్రానికి 'పదివేల సరస్సుల నేల' అనే బిరుదు ఉంది. బిరుదులలో సాధారణంగా కొంత అతిశయోక్తి ఉంటుంది. ఈ బిరుదు మాత్రం తక్కువే చెబుతుంది. పది ఎకరాలకు మించిన సరస్సులు అక్కడ 11,842 ఉన్నాయని లెక్క.

ఏడాదిలో చాలా నెలలు అక్కడ మంచు కురుస్తుంది. సరస్సులు గడ్డకడతాయి. అందువల్ల ఎండ కాసే జూన్, జూలై, ఆగస్టు నెలలంటే అక్కడివారికి పండుగ రోజులు. కుటుంబాలతో సరస్సుల ఒడ్డుకు వెళ్ళి, గుడారం వేసుకొని, రెండు మూడు రోజులు గడిపి రావడం అక్కడి ఆచారం. చేపలు పట్టడం, పడవ నడపడం, ఈత కొట్టడం, రాత్రి నెగడు చుట్టూ కూర్చొని కబుర్లు చెప్పుకోవడం వారి వినోదాలు. పెద్ద హోటళ్ళలో దిగే స్తోమత లేనివారు కూడా కొద్ది ఖర్చుతో ఇలా సెలవులు గడపగలరు. అందుకు వీలు కల్పించేవి ప్రభుత్వం నడిపే విడిది స్థలాలు.

విడిది స్థలంలో ఏముంటుంది?

దూరం నుంచి చూస్తే విడిది స్థలంలో చెట్లు, గడ్డి, నీరు తప్ప మరేమీ లేవనిపిస్తుంది. దగ్గరకు వెళితే ఎంత ఏర్పాటు ఉందో తెలుస్తుంది. గుడారం వేసుకోవడానికి చదును చేసిన నేల, నెగడు కోసం బిగించిన ఇనుప చట్రం, కూర్చొని తినడానికి చెక్క బల్ల ఉంటాయి. మంచినీటి కుళాయిలు, స్నానపు గదులు, మరుగుదొడ్లు ఉంటాయి. పడవను నీటిలోకి దించడానికి సిమెంటు వాలు, దాని పక్కన చెక్కతో కట్టిన చిన్న రేవు ఉంటాయి.

వీటిలో ఏదీ తనంత తాను బాగుండదు. శీతకాలంలో గొట్టాలలోని నీరు గడ్డకడితే గొట్టాలు పగిలిపోతాయి. కాబట్టి చలి ముదరక ముందే నీటిని పూర్తిగా తీసివేయాలి. వసంతంలో మళ్ళీ నింపి, నీటిని పరీక్షించాలి. మంచుగడ్డల ఒత్తిడికి చెక్క రేవులు విరిగిపోకుండా వాటిని ఒడ్డుకు లాగి, తిరిగి దించాలి. గుడారాల మీద పడే ప్రమాదమున్న ఎండుకొమ్మలను నరికివేయాలి. చెత్తను ప్రతిరోజూ తీసుకుపోవాలి. మరుగుదొడ్ల సెప్టిక్ ట్యాంకులను సకాలంలో ఖాళీ చేయాలి.

ఈ చివరి పనికి సరస్సుతో నేరుగా సంబంధం ఉంది. ట్యాంకు పొంగితే మురుగు నీటిలోకి చేరుతుంది. మురుగులోని భాస్వరం నాచుకు ఎరువవుతుంది. నాచు పెరిగి, చచ్చి, కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు తగ్గిపోతుంది. చేపలు బతకలేవు. ఏ నీటిని చూడడానికి జనం వచ్చారో ఆ నీరే పాడవుతుంది. కాబట్టి విడిది స్థలాన్ని శుభ్రంగా ఉంచడమంటే సరస్సును కాపాడడమే.

ఇటాస్కా సరస్సు

మిన్నెసోటాలోని సరస్సులలో ఇటాస్కాకు ఒక ప్రత్యేకత ఉంది. అమెరికా ఖండంలోని మహానదులలో ఒకటైన మిసిసిపీ ఈ సరస్సు నుంచే బయలుదేరుతుంది. సుమారు 3,700 కిలోమీటర్లు ప్రవహించి మెక్సికో సింధుశాఖలో కలిసే ఆ నది, పుట్టినచోట పిల్లలు రాళ్ళ మీద అడుగులు వేస్తూ దాటగలిగేంత చిన్నది. 1832లో ఓజిబ్వే ఆదివాసి నాయకుడు ఓజావిండిబ్ దారి చూపగా, హెన్రీ స్కూల్‌క్రాఫ్ట్ అనే అన్వేషకుడు అక్కడికి చేరుకున్నాడు. సరస్సుకు ఇటాస్కా అనే పేరు పెట్టినవాడు అతడే.

ఆ కాలం తరువాత కలప వ్యాపారుల కన్ను అక్కడి పైన్ చెట్ల మీద పడింది. నది పుట్టిన చోటును కాపాడాలని జేకబ్ బ్రోవర్ అనే సర్వేయరు పట్టుదలతో కృషి చేశాడు. ఫలితంగా 1891లో ఇటాస్కాను రాష్ట్ర ఉద్యానంగా ప్రకటిస్తూ శాసనసభ చట్టం చేసింది. ఆ చట్టం ఒక్క ఓటు ఆధిక్యంతో గట్టెక్కింది.

చట్టం వచ్చినంత మాత్రాన కథ ముగియలేదు. ఉద్యానం హద్దులలోని భూమిలో చాలా భాగం కలప కంపెనీల చేతిలోనే ఉంది. దాన్ని కొనాలంటే సొమ్ము కావాలి. 1903లో మేరీ గిబ్స్ అనే ఇరవైనాలుగేళ్ళ యువతి, తండ్రి మరణించడంతో ఆయన స్థానంలో ఉద్యాన అధికారి బాధ్యత తీసుకుంది. దుంగలను నదిలో తేల్చడానికి కలపవాళ్ళు కట్టిన అడ్డుకట్ట వల్ల సరస్సు నీరు పెరిగి ఒడ్డు చెట్లు మునుగుతున్నాయి. అడ్డుకట్ట తలుపులు ఎత్తమని ఆమె ఆజ్ఞాపించింది. ఆయుధాలతో బెదిరించినా వెనుదీయలేదు. అయినా ఉద్యానంలో చెట్ల నరికివేత 1919 దాకా ఆగలేదు. చట్టం హక్కును మాత్రమే ఇస్తుంది. ఆ హక్కు అమలు కావాలంటే మనుషులు, సొమ్ము రెండూ కావాలి. ఇటాస్కా తొలి ముప్పై ఏళ్ళ చరిత్ర చెప్పే నీతి ఇదే.

1930ల నాటి ఆర్థికమాంద్యం కాలంలో ఆ సొమ్ము అనుకోని దారిలో వచ్చింది. లక్షలాది యువకులు పనిలేక తిరుగుతున్న రోజులవి. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1933లో వారి కోసం ఒక పనిదళాన్ని ఏర్పాటు చేశాడు. నెలకు 30 డాలర్ల జీతం. అందులో 25 డాలర్లు ఇంటికి పంపాలి. 1942 వరకు నడిచిన ఆ దళంలో సుమారు 30 లక్షల మంది పనిచేశారు. దేశమంతటా చెట్లు నాటారు, బాటలు వేశారు, ఉద్యానాలను తీర్చిదిద్దారు. ఇటాస్కాలోని దుంగల భవనాలలో కొన్ని వారు కట్టినవే. నేడు ఆ ఉద్యానం విస్తీర్ణం 32,000 ఎకరాలకు పైగా ఉంది. అందులో చిన్నా పెద్దా సరస్సులు వందకు పైగా ఉన్నాయి.

కట్టడానికి ఒక పద్దు, నిలబెట్టడానికి ఒక పద్దు

ప్రభుత్వ ఖర్చులు ముఖ్యంగా రెండు రకాలు. కొత్త భవనం, కొత్త రహదారి, కొత్త రేవు వంటి చాలాకాలం నిలిచే ఆస్తుల కోసం చేసేది పెట్టుబడి వ్యయం. జీతాలు, శుభ్రత, చిల్లర మరమ్మతులు వంటి ఏటేటా తప్పని ఖర్చు నిర్వహణ వ్యయం. మొదటిదానికి ప్రభుత్వాలు అప్పు కూడా తెస్తాయి. రెండోదానికి ఏ ఏటి ఆదాయం ఆ ఏడే చూసుకోవాలి.

కొత్త కట్టడానికి ప్రారంభోత్సవం ఉంటుంది. శిలాఫలకం మీద పేర్లు ఉంటాయి. కారుతున్న కప్పుకు తారు పూసినందుకు ఎవరూ సభ పెట్టరు. అందువల్ల ఆదాయం తగ్గిన సంవత్సరంలో మొదటి కోత నిర్వహణ మీదనే పడుతుంది. ఆ కోత ఫలితం వెంటనే కనిపించదు. ఈ ఏడు కప్పు బాగు చేయకపోయినా గది నిలిచే ఉంటుంది. వచ్చే ఏడు నీరు దూలంలోకి దిగుతుంది. ఆపై ఏడు దూలం పుచ్చిపోతుంది. చివరకు కప్పుతోపాటు గోడలు కూడా కొత్తగా కట్టవలసి వస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడమంటే ఇదే.

ఇలా వెనక్కు నెట్టిన మరమ్మతులన్నీ కలిసి కనిపించని అప్పులా పేరుకుపోతాయి. ఈ అప్పు ఏ బ్యాంకు పుస్తకంలోనూ ఉండదు. దానికి వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అమెరికా జాతీయ ఉద్యానాలలో ఇటువంటి వాయిదా మరమ్మతుల విలువ 2018 నాటికే సుమారు 1,200 కోట్ల డాలర్లకు చేరింది. దాన్ని తగ్గించడానికి 2020లో అక్కడి కాంగ్రెస్ ఒక ప్రత్యేక చట్టం చేసి, ఉద్యానాల వంటి ప్రభుత్వ భూములలో మరమ్మతులకు ఏడాదికి 190 కోట్ల డాలర్ల వరకు ఐదేళ్ళపాటు కేటాయించింది. మిన్నెసోటా రాష్ట్రం కూడా 2023లో విడిది స్థలాలు, పడవ రేవులు, చేపపిల్లల పెంపక కేంద్రాలు వంటివాటిని బాగుచేయడానికి ఒకేసారి సుమారు 15 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. ఏటా కొంచెం కొంచెంగా పెట్టవలసినది ఒక్కసారిగా పెట్టవలసి వచ్చిందన్నమాట.

2011 జూలై: తాళం పడిన తీరం

మిన్నెసోటాలో బడ్జెట్ రెండేళ్ళకు ఒకసారి తయారవుతుంది. బేసి సంవత్సరం జూలై 1న కొత్త లెక్క మొదలవుతుంది. అప్పటికి శాసనసభ ఆమోదించి, గవర్నరు సంతకం చేసిన చట్టం ఉండాలి. లేకపోతే ఖజానాలో డబ్బు ఉన్నా ఖర్చు చేసే అధికారం ఎవరికీ ఉండదు.

2011లో ఆ రాష్ట్రానికి ఆదాయానికీ వ్యయానికీ మధ్య సుమారు 500 కోట్ల డాలర్ల లోటు ఏర్పడింది. ఎక్కువ ఆదాయం గలవారి మీద పన్ను పెంచి లోటు పూడ్చాలని గవర్నరు మార్క్ డేటన్ వాదించాడు. పన్నులు పెంచకుండా ఖర్చులే తగ్గించాలని శాసనసభలో ఆధిక్యం గల రిపబ్లికన్ పార్టీ వాదించింది. ఎవరి వాదం వారికి న్యాయంగానే తోచింది. రాజీ కుదరకుండానే జూన్ 30 గడిచిపోయింది.

జూలై 1న ప్రభుత్వ కార్యాలయాలు మూతపడ్డాయి. సుమారు 22,000 మంది ఉద్యోగులు పని లేక ఇంటివద్ద ఉండిపోయారు. ఏవి అత్యవసర సేవలో న్యాయస్థానం నిర్ణయించింది. చెరసాలలు, పోలీసు గస్తీ, రోగుల సంరక్షణ వంటివి సాగాయి. రాష్ట్ర ఉద్యానాలు ఆ జాబితాలో లేవు. సరస్సుల ఒడ్డున ఉన్న విడిది స్థలాలన్నీ ఖాళీ అయ్యాయి. జూలై 4 అమెరికా స్వాతంత్ర్య దినం. ఆ వారాంతంలో ఉద్యానాలు ఏడాది మొత్తంలోకెల్లా కిటకిటలాడతాయి. ఆ ఏడు మాత్రం ద్వారాలకు తాళాలు కనిపించాయి. నెలల ముందే స్థలం కేటాయింపు చేసుకున్న కుటుంబాలు సెలవులను మానుకోవలసి వచ్చింది. చేపలు పట్టేందుకు కొత్త లైసెన్సులు ఇచ్చేవారు కూడా లేరు.

నష్టం విడిదికి వచ్చేవారితో ఆగలేదు. ఉద్యానం పక్కన ఎరలు, గాలాలు, మంచుగడ్డలు, వంటచెరకు అమ్మే చిన్న దుకాణాలకు వేసవి నెలల అమ్మకమే ఏడాది బతుకు. రుసుముల రూపంలో ప్రభుత్వానికి రావలసిన సొమ్ము కూడా ఆ రోజుల్లో రాలేదు. ఖర్చు మీద తగవుతో మొదలైన మూసివేత ఆదాయాన్ని కూడా తగ్గించింది.

జూలై 14న రాజీ కుదిరింది. పన్ను పెరగలేదు. పాఠశాలలకు చెల్లించవలసిన సొమ్ములో కొంత వాయిదా వేశారు. పొగాకు కంపెనీల నుంచి ముందు ముందు రావలసిన పరిహారం సొమ్మును చూపి అప్పు తెచ్చారు. అంటే ఆ ఏటి లోటు తీరలేదు, ముందుకు జరిగింది. కప్పు మరమ్మతును వాయిదా వేయడానికీ దీనికీ పోలిక ఉంది.

ఒక తలుపు ఎందుకు తెరుచుకుంది?

అదే జూలైలో మరొక సంగతి జరిగింది. మిన్నెసోటా జంతుప్రదర్శనశాల కూడా మొదట మూతపడింది. కాని కొద్ది రోజులలోనే న్యాయస్థానం అనుమతితో తెరుచుకుంది. తన టిక్కెట్ల ద్వారా వచ్చే ఆదాయాన్ని తానే ఖర్చుపెట్టుకోవచ్చని దానికి ముందునుంచీ చట్టం అనుమతి ఇచ్చి ఉంది. ప్రతిసారీ కొత్త బడ్జెట్ కోసం ఎదురుచూడనక్కరలేదు. రెండూ ప్రజోపయోగకరమైనవే. రెండూ ప్రభుత్వానివే. సొమ్ము చేరే దారి వేరైనందువల్ల ఒకటి తెరుచుకుంది, మరొకటి మూతపడి ఉంది.

ఆ రాష్ట్ర ప్రజలు అంతకు మూడేళ్ళ ముందు ఇటువంటి ఆలోచనే చేశారు. 2008 నవంబరులో జరిగిన ఓటింగులో, అమ్మకపు పన్నును ఒక శాతంలో ఎనిమిదింట మూడు వంతులు పెంచుకోవడానికి వారే ఒప్పుకున్నారు. అంటే వంద డాలర్ల అమ్మకం మీద అదనంగా 37 సెంట్ల పైచిలుకు. ఈ రాజ్యాంగ సవరణ 2009 నుంచి 2034 వరకు ఇరవై ఐదేళ్ళు అమలులో ఉంటుంది. వచ్చే సొమ్మును నీటి శుభ్రతకు, అడవులూ వన్యప్రాణుల రక్షణకు, కళలకు, ఉద్యానాలకు పంచుతారు. ఉద్యానాలకు, కాలిబాటలకు దక్కేది 14.25 శాతం.

ఈ సవరణలో ఒక మెలిక ఉంది. ఈ నిధి పాత కేటాయింపులకు తోడు కావాలే గాని, వాటి స్థానంలోకి రాకూడదని అందులో స్పష్టంగా రాశారు. ప్రత్యేక నిధి వచ్చిందని చెప్పి మామూలు పద్దును కోసివేస్తే మొత్తం మీద లాభం లేదని వారికి తెలుసు. అయితే ఈ నిధిని ఖర్చుపెట్టాలన్నా శాసనసభ చట్టం చేయవలసిందే. కాబట్టి 2011 వంటి ప్రతిష్టంభన వస్తే ప్రత్యేక నిధి ఒక్కటే తాళాలు తీయలేదు.

మూయడమా? తెరిచి వదలడమా?

అమెరికా కేంద్ర ప్రభుత్వానికి ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. అక్కడా ఇటువంటి మూసివేతలు జరిగాయి. 2013 అక్టోబరులో 16 రోజులపాటు జాతీయ ఉద్యానాలన్నింటినీ మూసివేశారు. లోపల బసచేసినవారు వెళ్ళిపోవడానికి రెండు రోజుల గడువు ఇచ్చారు. ఆ నెలలో సందర్శకుల సంఖ్య సుమారు 79 లక్షలు తగ్గిందనీ, చుట్టుపక్కల ఊళ్ళు 41 కోట్ల డాలర్లకు పైగా రాబడి కోల్పోయాయనీ ఉద్యానాల శాఖ తరువాత అంచనా వేసింది. యూటా రాష్ట్రం తన ఖజానా నుంచి పదహారు లక్షలకు పైగా డాలర్లు చెల్లించి, పావెల్ జలాశయం తీరంతో సహా ఎనిమిది చోట్లను తెరిపించుకుంది.

2018 డిసెంబరు 22 నుంచి 2019 జనవరి 25 వరకు 35 రోజులు సాగిన మూసివేతలో మరొక పద్ధతి అనుసరించారు. చాలా ఉద్యానాలను తెరిచే ఉంచారు, సిబ్బంది మాత్రం చాలా కొద్దిమందే ఉన్నారు. చెత్తకుండీలు నిండి పొర్లాయి. మరుగుదొడ్లు వాడరాని స్థితికి వచ్చాయి. దారులు లేనిచోట వాహనాలు నడిపి మొక్కలను తొక్కినవారూ ఉన్నారు. చేతి సంచులతో వచ్చి చెత్త ఎత్తిన స్వచ్ఛంద సేవకులూ ఉన్నారు.

మొదటిసారి తాళం వేసినందుకు జనం నొచ్చుకున్నారు. రెండోసారి తాళం తీసి ఉంచినందుకు నేల నొచ్చుకుంది. ద్వారం తెరిచి ఉండడమే సేవ కాదు. లోపల చూసుకునే మనిషి ఉంటేనే అది సేవ.

రుసుము ఎవరు కట్టాలి?

'విడిదికి వచ్చేవారి నుంచే ఖర్చంతా రాబట్టవచ్చు కదా?' అని కొందరు అడుగుతారు. ఈ మాటలో కొంత న్యాయముంది. వాడుకునేవారు కొంత చెల్లించడం సబబే. అమెరికాలో 2004 నాటి చట్టం ప్రకారం పలు కేంద్ర శాఖలు తాము వసూలు చేసిన రుసుములో కనీసం 80 శాతాన్ని వసూలైన చోటనే ఖర్చు చేయవచ్చు. తాము కట్టిన డబ్బు తమ కళ్ళెదుటి రేవుకే ఖర్చవుతుందంటే కట్టేవారికీ తృప్తిగా ఉంటుంది.

అయితే దీనికి రెండో పక్షం ఉంది. రుసుము పెరిగేకొద్దీ పేదవారు వెనక్కు తగ్గుతారు. జనం ఎక్కువగా రాని చిన్న సరస్సుల ఒడ్డున వసూలు చాలదు. వాటికి మరమ్మతులు చేయడం మానితే అక్కడికి వెళ్ళేవారు ఇంకా తగ్గిపోతారు. పైగా సరస్సు శుభ్రంగా ఉండడం వల్ల మేలు కలిగేది గుడారం వేసినవారికే కాదు, ఆ నీటి దిగువన ఉన్నవారందరికీ. అందుకే అనేక ప్రభుత్వాలు పన్నుల నుంచి కొంత, రుసుముల నుంచి కొంత తీసి ఖర్చు చేస్తాయి. పిల్లలకు ప్రకృతి దూరం కాకూడదని అమెరికా కేంద్ర ప్రభుత్వం 2015లో నాలుగో తరగతి విద్యార్థులకు ఉచిత ప్రవేశపత్రం ఇచ్చే పథకం మొదలుపెట్టింది.

చెరువు మాన్యాల పాఠం

భారతదేశంలో బడ్జెట్ విధానం కొంత వేరు. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. ఆనాటికి పూర్తి బడ్జెట్ ఆమోదం పొందకపోతే, కొంతకాలానికి సరిపడే ఖర్చుకు చట్టసభ ముందుగా అనుమతి ఇచ్చే వీలు రాజ్యాంగంలో ఉంది. పైగా ఇక్కడ చట్టసభలో ఆధిక్యం ఉన్నవారే ప్రభుత్వాన్ని నడుపుతారు. బడ్జెట్ ఓడిపోతే ప్రభుత్వమే దిగిపోవాలి. అందువల్ల అమెరికాలో మాదిరిగా మూసివేతలు ఇక్కడ లేవు.

కాని నిర్వహణ ఖర్చు అనే సమస్య ఇక్కడా ఉంది, అది చాలా పాతది కూడా. ఊరి చెరువు దానికి మంచి ఉదాహరణ. చెరువు తవ్వించడం ఒకనాటి పని. కట్ట మీద మొలిచిన చెట్లు తీయడం, తూములు బాగుచేయడం, పూడిక ఎత్తడం ఏటేటి పని. ఈ సంగతి గ్రహించిన పూర్వులు చెరువుతోపాటు దాని పోషణకు కూడా దారి చూపారు. చెరువు కట్టించి దాని బాగోగులు చూసేవారికి పన్ను లేకుండానో, పన్ను తగ్గించో కొంత భూమి ఇచ్చేవారు. రాయలసీమలో దీన్ని దశబంధం అన్నారు. కన్నడ సీమలో కట్టుకొడిగె అన్నారు. తమిళ సీమలో చెరువు పోషణకు విడిచిన భూమిని ఏరిపట్టి అన్నారు. పేర్లు వేరైనా పద్ధతి ఒక్కటే. ఆ భూమి ఆదాయం ఆ చెరువుకే చెందాలి. మిన్నెసోటా ప్రజలు 2008లో చేసుకున్న ఏర్పాటుకూ దీనికీ పోలిక స్పష్టంగా కనిపిస్తుంది.

కాలం మారి ఆ మాన్యాలు పోయాయి. చెరువుల బాధ్యత ప్రభుత్వ శాఖల పద్దులోకి వచ్చింది. పద్దులో చాలినంత లేని ఏళ్ళలో పూడిక పెరిగింది, తూములు కారాయి. ఆ పేరుకున్న పనిని తీర్చడానికి తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ పేరుతో, తమిళనాడులో 2017లో కుడిమరామత్తు అనే పాత పేరుతో పెద్ద పథకాలు చేపట్టారు. చెరువైనా, విడిది స్థలమైనా ఏటేటా జరగవలసిన పని ఆగితే ఏదో ఒకనాడు అది పెద్ద పథకంగా తిరిగి వస్తుంది.

బడ్జెట్ చదివేవారు సాధారణంగా కొత్తగా ఏమి కడుతున్నారో చూస్తారు. ఉన్నదాన్ని నిలబెట్టడానికి ఎంత ఇచ్చారో కూడా చూడాలి. ప్రజాధనంతో కట్టిన రేవు ప్రజలందరి ఆస్తి. దాని చెక్క పుచ్చిపోకముందే అడిగే పౌరులు ఉంటే, ఆ చెక్క మార్చే సొమ్ము పద్దులోకి వస్తుంది.

అభ్యాసం

అ) అర్థాలు
పద్దు = లెక్కలోని ఒక అంశం
నెగడు = చలి కాచుకోవడానికి వేసే పెద్ద మంట
స్తోమత = ఖర్చు పెట్టగల శక్తి
ప్రతిష్టంభన = ముందుకు సాగకుండా ఆగిపోయిన స్థితి
రుసుము = సేవకు చెల్లించే సొమ్ము
తూము = చెరువు నీరు బయటకు వదిలే మార్గం
మాన్యం = పన్ను లేకుండా ఇచ్చిన భూమి
పూడిక = నీటి అడుగున చేరిన మన్ను

ఆ) ఒకటి రెండు వాక్యాలలో జవాబులు రాయండి.
1. పెట్టుబడి వ్యయానికీ నిర్వహణ వ్యయానికీ తేడా ఏమిటి?
2. సెప్టిక్ ట్యాంకు పొంగితే సరస్సులోని చేపలకు ఎందుకు హాని కలుగుతుంది?
3. మేరీ గిబ్స్ చూపిన ధైర్యం ఎటువంటిది?
4. దశబంధం అంటే ఏమిటి?

ఇ) పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. 2011 జూలైలో జంతుప్రదర్శనశాల తెరుచుకోవడానికీ, విడిది స్థలాలు మూతపడి ఉండడానికీ కారణాలు వివరించండి.
2. 'ద్వారం తెరిచి ఉండడమే సేవ కాదు' అనే మాటను 2013, 2018 నాటి సంఘటనల ఆధారంగా సమర్థించండి.
3. ఖర్చంతా రుసుముల ద్వారానే రాబట్టాలనే వాదానికి అనుకూలంగా, ప్రతికూలంగా ఉన్న అంశాలను రాయండి.

ఈ) సొంత వాక్యాలలో ప్రయోగించండి.
వెనుదీయు, గట్టెక్కు, కిటకిటలాడు, నొచ్చుకొను

ఉ) సంధులు విడదీసి, సంధి పేరు రాయండి.
ఉదా: జలాశయం = జల + ఆశయం (సవర్ణదీర్ఘసంధి)
1. ప్రజోపయోగం  2. అత్యవసరం  3. రాజ్యాంగం  4. మరమ్మతులన్నీ

ఊ) విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు తెలపండి.
ఉదా: ప్రజాధనం = ప్రజల యొక్క ధనం (షష్ఠీ తత్పురుష సమాసం)
1. శిలాఫలకం  2. ఆర్థికమాంద్యం  3. పదివేల సరస్సులు

ఋ) చేయవలసిన పని
మీ ఊరిలోని చెరువు, పార్కు, బావి, గ్రంథాలయం మొదలైనవాటిలో ఒకదాన్ని ఎన్నుకోండి. దాన్ని ఎవరు కట్టించారో, ఇప్పుడు ఎవరు చూస్తున్నారో, మరమ్మతులకు సొమ్ము ఎక్కడి నుంచి వస్తుందో పెద్దలను, పంచాయతీ లేదా పురపాలక కార్యాలయంవారిని అడిగి తెలుసుకోండి. వెంటనే చేయవలసిన మరమ్మతులను గుర్తించి, వాటిని కోరుతూ సంబంధిత అధికారికి తరగతి తరఫున ఒక విజ్ఞప్తి లేఖ రాయండి.